టెలిస్కోపు లేని కాలేజీలో దూర గెలాక్సీల ప్రాజెక్టు: విద్యార్థులకు ఏం నేర్పాలి, ఎలా నేర్పాలి

మీరు అడిగింది ఇదీ: పీజీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతున్నారు, మీ సొంత రంగం ఘనపదార్థ భౌతికశాస్త్రం. ఎం.ఎస్సీ. చివరి ఏడాది విద్యార్థులు ఇద్దరు దూర గెలాక్సీల మీదే ప్రాజెక్టు చేస్తామంటున్నారు. టెలిస్కోపు లేదు, రెండు లాప్‌టాప్‌లు ఉన్నాయి, గడువు ఆరు నెలలు. గైడ్‌గా ఒప్పుకోవచ్చా, ఒప్పుకుంటే ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

నిస్సంకోచంగా ఒప్పుకోండి. దోషం ఎంతో లెక్కగట్టకుండా సంఖ్య రాయకూడదన్న పట్టింపు మీకుంటే చాలు, మిగతాది మీరూ వాళ్లతోపాటు నేర్చుకోవచ్చు. దూరంగా ఉన్నట్టు కనిపించే గెలాక్సీలు కొల్లలుగా దొరుకుతాయి. వాటిలో నిజంగా దూరానివేవో తేల్చడమే ఈ రంగంలో అసలు పని. కాబట్టి మీరు నేర్పాల్సింది ఒకటే: తన జవాబు తప్పయ్యే దారులేమిటో విద్యార్థి తనంతట తానే వెతకడం. కింద రాసిందంతా ఆ అలవాటు పట్టుబడేందుకే.

ముందు టెలిస్కోపు బెంగ వదిలేయండి. చీకటి రాత్రి మామూలు కంటికి ఆనే చివరి నక్షత్రాలు 6వ మాగ్నిట్యూడ్‌వి (మాగ్నిట్యూడ్ వెలుగు కొలమానం, అంకె పెరిగే కొద్దీ వస్తువు మసక). లోతైన జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపు చిత్రాల్లో పని చేసేది 29వ మాగ్నిట్యూడ్ దగ్గర, అంటే దాదాపు 160 కోట్ల రెట్లు మసకగా. ఉస్మానియా వారి జపాల్-రంగాపూర్ 48 అంగుళాల టెలిస్కోపు పక్కనే ఉన్నా ఈ పనికి ఆనదు. ప్రపంచంలో ఎవరైనా సరే ఇలాంటి పనికి భాండాగారంలోని డేటానే తీసుకుంటారు. ఆ తలుపు ఇంత విశాలంగా తెరుచుకోవడంలో ఒక పెద్దాయన చేసిన పని ఉంది. 1995 డిసెంబరు 18 నుంచి 28 దాకా హబుల్ అంతరిక్ష టెలిస్కోపును సప్తర్షి మండలంలో ఏమీ లేనట్టు కనిపించే చిన్న చోటు వైపు తిప్పి ఉంచారు. స్పేస్ టెలిస్కోప్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్ డైరెక్టర్ రాబర్ట్ విలియమ్స్ తన విచక్షణ కింద ఉన్న సమయాన్ని దీనికి వెచ్చించి, యువ పోస్ట్‌డాక్‌లను కూడగట్టి పని అప్పగించారు. నాలుగు ఫిల్టర్లలో 342 ఎక్స్‌పోజర్లు తీస్తే సుమారు 3 వేల గెలాక్సీలు బయటపడ్డాయి. ఆ డేటాను దాచుకోకుండా 1996 జనవరిలోనే అందరికీ ఇచ్చేశారు. ఆ ఒరవడి వల్లే ఇవాళ వెబ్ లోతైన చిత్రాలు మీ కాలేజీకీ, పెద్ద విశ్వవిద్యాలయాలకీ ఒకే రూపంలో అందుతున్నాయి.

మన దగ్గరా ఇలాగే జరుగుతోంది. 2017లో పుణెలోని ఐయూకా (ఖగోళ పరిశోధనా కేంద్రం), ఐసర్ (సైన్సు విద్యా పరిశోధనా సంస్థ) తదితర సంస్థల వాళ్లు ప్రకటించిన సరస్వతి సూపర్‌క్లస్టర్ దాదాపు 400 కోట్ల కాంతి సంవత్సరాల దూరాన ఉంది, అందులో 43 గెలాక్సీ గుచ్ఛాలున్నాయి. అది దొరికింది ఆకాశాన్ని విస్తృతంగా జల్లెడ పట్టిన స్లోన్ సర్వే డేటాలో, అంటే అందరికీ అందుబాటులో ఉన్నదాంట్లో. 2025లో వెలుగులోకి వచ్చిన అలకనంద అనే సర్పిలాకార గెలాక్సీని పుణెలోని రేడియో ఖగోళ కేంద్రం ఎన్‌సీఆర్‌ఏలో పరిశోధక విద్యార్థిని రాశి జైన్, ఆమె గైడ్ యోగేశ్ వాడదేకర్ వెబ్ డేటాలో గుర్తించారు. దాని రెడ్‌షిఫ్ట్ (విశ్వ విస్తరణ వల్ల కాంతి తరంగం ఎంత సాగిందో చెప్పే సంఖ్య, ఎక్కువైతే దూరమూ ఎక్కువ) సుమారు 4, విశ్వానికి 150 కోట్ల ఏళ్ల వయసున్నప్పటి రూపం. ఈ రెండో ఉదాహరణను మీ విద్యార్థులకు తప్పక చెప్పండి.

ఇక అంశం ఎంపిక. పిల్లలు రికార్డు గెలాక్సీల వైపు లాగుతారు. రెడ్‌షిఫ్ట్ 12 దాటినవి వద్దని మెత్తగా, గట్టిగా చెప్పండి. అక్కడ ఒక్కో వస్తువుకూ వర్ణపటం లేకుండా ఏదీ తేలదు, వర్ణపటం ఉన్నవాటిని పెద్ద బృందాలు ఇప్పటికే జల్లెడ పట్టేశాయి. రెడ్‌షిఫ్ట్ 1 నుంచి 6 మధ్య అయితే వేలకొద్దీ గెలాక్సీలకు వర్ణపటాలున్నాయి. విద్యార్థి తన జవాబును నిజంతో పోల్చుకోగలిగేది అక్కడే.

మొదటి మూడు వారాలు కంప్యూటరు చేత రెడ్‌షిఫ్ట్ లెక్క కట్టించకండి. స్లోన్ సర్వే స్కైసర్వర్ నుంచి ఒక్కొక్కరు 20 గెలాక్సీల వర్ణపటాలు దించుకుని, గ్రాఫు గీసి, రేఖలను చేత్తో గుర్తించాలి. ఫైల్లో తరంగదైర్ఘ్యం నేరుగా ఉండదు, దాని లాగరిథమ్ ఉంటుంది. ప్రవాహం సంఖ్యలకు 10 పవర్ మైనస్ 17 గుణకం ఉంటుంది. విలోమ వేరియన్స్ అనే కాలమ్‌లో సున్నా ఉన్న చోట ఆ పిక్సెల్ చెడిపోయిందని అర్థం, దాన్ని వదిలేయాలి. ఈ సున్నాను పట్టించుకోకపోతే వర్ణపటంలో లేని రేఖలు మొలుస్తాయి. 5577 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర మన వాతావరణంలోని ఆక్సిజన్ వెలుగు పూర్తిగా తీసివేయబడక చిన్న ముల్లులా మిగులుతుంది. దాన్ని లైమన్ ఆల్ఫా (హైడ్రోజన్ 1216 ఆంగ్‌స్ట్రామ్‌ల రేఖ) అనుకుంటే 3.59 రెడ్‌షిఫ్ట్ వచ్చి కూర్చుంటుంది. 6870, 7600 దగ్గర గాలిలోని ఆక్సిజన్ శోషణ పట్టీలుంటాయి, అవీ గెలాక్సీవి కావు. గెలాక్సీలు మారినా చోటు మారని రేఖ ఆకాశానిదో పరికరానిదో అయి ఉంటుందన్న సూత్రం ఇక్కడే ఒంటబడుతుంది.

ఒంటి రేఖ ఉచ్చును ప్రత్యేకంగా ఒక రోజంతా చేయించండి. 7500 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర ఒకే ఒక్క ఉద్గార రేఖ కనిపించిందనుకోండి. అది హైడ్రోజన్ ఆల్ఫా అయితే రెడ్‌షిఫ్ట్ 0.14. అయనీకృత ఆక్సిజన్ 5008 రేఖ అయితే 0.50. ఆక్సిజన్ 3727 జంట అయితే 1.01. లైమన్ ఆల్ఫా అయితే 5.17. ఒకే కొలతకు నాలుగు విశ్వాలు! ఏది నిజమో ఎలా తేల్చాలో వాళ్లనే అడగండి. 5008 రేఖ అయితే దాని పక్కన 4960 రేఖ మూడో వంతు బలంతో తప్పకుండా ఉండాలి, ఆ నిష్పత్తి పరమాణు భౌతికం నిర్ణయించింది కాబట్టి గెలాక్సీని బట్టి మారదు. 3727 అయితే నిజానికి అది రెండు రేఖలు, తగినంత విభేదన ఉంటే చీలిక కనిపిస్తుంది, లేకుంటే రేఖ కాస్త వెడల్పుగా ఉంటుంది. లైమన్ ఆల్ఫా అయితే నీలం వైపు నిరంతర కాంతి ఒక్కసారిగా పడిపోవాలి, రేఖ ఎరుపు వైపు సాగినట్టుండాలి. ఇలా 'ఫలానాది అయితే ఇంకేం కనిపించాలి' అన్న ప్రశ్న వాళ్ల నోట్లో నానాలి.

ఇంకో చిన్న చిక్కు. పాఠ్యపుస్తకాల్లో చాలావరకు గాలిలోని తరంగదైర్ఘ్యాలుంటాయి: 5006.8, 6562.8. స్లోన్, వెబ్ డేటా మాత్రం శూన్యంలోనివి: 5008.2, 6564.6. కలిపి వాడితే వేగంలో సెకనుకు 80 కిలోమీటర్లకు పైగా తేడా వస్తుంది. దూరానికి అది పెద్ద విషయం కాదు గానీ, ఒక గెలాక్సీ ఒక గుచ్ఛంలో సభ్యురాలా కాదా అని చూసేటప్పుడు ఇబ్బంది పెడుతుంది. ఇద్దరి జవాబుల్లో ఎప్పుడూ ఒకే దిశలో, ఒకే పరిమాణంలో తేడా వస్తుంటే మొదట చూడాల్సింది ఇదే.

నాలుగో వారం నుంచి ఫిల్టరు చిత్రాలకు వెళ్లండి. సంగతేమిటంటే, మసక గెలాక్సీల్లో అత్యధిక భాగానికి వర్ణపటం ఉండదు. వేర్వేరు ఫిల్టర్లలో వెలుగు ఎంతో కొలిచి, ఆ మెట్ల ఆకారాన్ని బట్టి రెడ్‌షిఫ్ట్ అంచనా వేయాలి. ఇందులో ప్రధానమైన గుర్తు లైమన్ అంచు. దూర గెలాక్సీకీ మనకూ మధ్యనున్న హైడ్రోజన్, 1216 ఆంగ్‌స్ట్రామ్‌ల కన్నా పొట్టి తరంగాలను మింగేస్తుంది. ఆ అంచు మన దగ్గరికి వచ్చేసరికి ఒకటి ప్లస్ రెడ్‌షిఫ్ట్ రెట్లు సాగుతుంది. అంచుకు నీలం వైపు ఫిల్టర్లలో గెలాక్సీ మాయమై, ఎరుపు వైపు ఫిల్టర్లలో కనిపిస్తుంది. 1990లలో చార్లెస్ స్టైడెల్ బృందం రెడ్‌షిఫ్ట్ 3 దగ్గర ఇదే తరహాలో (అక్కడ 912 ఆంగ్‌స్ట్రామ్‌ల అంచుతో) గెలాక్సీలను ఎంచి, కెక్ టెలిస్కోపు వర్ణపటాలతో నిర్ధారించింది. ఇప్పటికీ పునాది అదే.

తప్పు జరిగేదీ అక్కడే. గెలాక్సీ కాంతిలో ఇంకో మెట్టు ఉంది, 3646 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర బామర్ అంచు. దగ్గరి గెలాక్సీ బామర్ అంచు, దూరపు గెలాక్సీ లైమన్ అంచు ఒకే చోట పడితే ఫిల్టర్లకు తేడా తెలియదు. దీనికి సీర్స్-93316 అనే గెలాక్సీ కన్నా మంచి పాఠం లేదు. 2022లో వెబ్ చిత్రాల ఆధారంగా దాని రెడ్‌షిఫ్ట్ 16.4 అని అంచనా వేశారు. మరుసటి ఏడాది వెబ్‌లోని వర్ణపట పరికరం నిర్‌స్పెక్‌తో వర్ణపటం తీస్తే 4.9 అని తేలింది. మీ విద్యార్థులు కాగితం మీదే ఈ లెక్క చేయగలరు. 1216ను 17.4తో గుణిస్తే 2.12 మైక్రాన్లు. 3646ను 5.9తో గుణిస్తే 2.15 మైక్రాన్లు. రెండు అంచులూ దాదాపు ఒకే చోట! అంతటితో ఆగలేదు. రెడ్‌షిఫ్ట్ 4.9 దగ్గర ఆక్సిజన్ రేఖలు 2.96 మైక్రాన్ల దగ్గర పడి ఎఫ్277డబ్ల్యూ ఫిల్టరును నింపాయి. హైడ్రోజన్ ఆల్ఫా 3.88 దగ్గర, సరిగ్గా ఎఫ్356డబ్ల్యూ, ఎఫ్410ఎమ్, ఎఫ్444డబ్ల్యూ మూడూ కలిసే చోట పడి మూడింటినీ పెంచింది. రేఖల వెలుగు నిరంతర కాంతిలా నటించింది, ధూళి పొట్టి తరంగాలను అణిచేసింది. విశేషం ఏమిటంటే, వర్ణపటం రాకముందే కొందరు పరిశోధకులు రెడ్‌షిఫ్ట్ 5 కూడా సాధ్యమేనని, చుట్టుపక్కల గెలాక్సీలు అదే దూరంలో ఉన్నాయని ఎత్తి చూపారు. పొరుగును చూడడం అనే ఆ సాక్ష్యాన్ని విద్యార్థులు తరచూ మరిచిపోతారు.

అంచు ఆధారంగా వచ్చిన రెడ్‌షిఫ్ట్ వర్ణపటంలో కూడా కాస్త ఎక్కువ చూపుతుంది. జీఎన్-జెడ్11 అనే గెలాక్సీకి 2016లో హబుల్ 11.1 అంది, వెబ్ రేఖలతో కొలిస్తే 10.60. జేడ్స్-జీఎస్-జెడ్14-0కు 2024లో 14.32 అన్నారు, ఆల్మా టెలిస్కోపు ఆక్సిజన్ రేఖ పట్టుకున్నాక 14.18 దగ్గర స్థిరపడింది. రెండుసార్లూ కిందికే దిగింది. తటస్థ హైడ్రోజన్ దట్టంగా ఉంటే అంచు నిట్టనిలువుగా కాక ఎరుపు వైపు జారినట్టు ఒంగుతుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకపోతే రెడ్‌షిఫ్ట్ హెచ్చుతుంది. రేఖ దొరికితే అంచును నమ్మకండి.

పనిముట్లలో పెద్ద ఖర్చేమీ లేదు. పైథాన్, ఆస్ట్రోపై, పట్టికలకు టాప్‌క్యాట్, చిత్రాలకు డీఎస్9, వస్తువులను వేరుచేయడానికి సోర్స్ ఎక్స్‌ట్రాక్టర్, ఫిల్టర్ల నుంచి రెడ్‌షిఫ్ట్ అంచనాకు ఈజీ (EAZY) అనే ప్రోగ్రాం. అన్నీ ఉచితం. డేటాకు మాస్ట్ భాండాగారం, కోపెన్‌హాగెన్ వాళ్ల డాన్ వెబ్ భాండాగారం. పూర్తి మొజాయిక్‌లు ఒక్కో ఫిల్టరుకే కొన్ని గిగాబైట్లుంటాయి, 8 జీబీ ర్యామ్ లాప్‌టాప్‌లో తెరిస్తే వేలాడిపోతుంది. 4000 బై 4000 పిక్సెళ్ల ముక్క కోసుకుని పని చేయండి, చాలు. కోయగానే హెడర్‌లో ప్రమాణాలు చూడమనండి. వెబ్ అధికారిక చిత్రాల్లో ప్రమాణం స్టెరేడియన్‌కు మెగా జాన్‌స్కీ (జాన్‌స్కీ కాంతి ప్రవాహానికి ప్రమాణం, స్టెరేడియన్ ఆకాశ వైశాల్యానికి). 0.03 ఆర్క్‌సెకను (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) పిక్సెల్ అయితే ఒక్కో యూనిట్ 21.15 నానో జాన్‌స్కీలు, ఏబీ జీరో పాయింట్ (ఒక యూనిట్ ప్రవాహానికి సరిపోయే మాగ్నిట్యూడ్) 28.09. పిక్సెల్ 0.04 అయితే 27.46. వేరే భాండాగారంలో ప్రమాణం వేరుగా ఉండొచ్చు. ఎక్కడో చదివిన జీరో పాయింట్‌ను ఎత్తి అతికించడం వల్ల మొత్తం పట్టిక అర మాగ్నిట్యూడ్ పక్కకు జరగడం చాలా మామూలు తప్పు.

ఈజీకి ఇచ్చే పట్టికలో మాగ్నిట్యూడ్‌లు కాదు, ప్రవాహాలు ఇవ్వాలి. గెలాక్సీ కనిపించని ఫిల్టరులో కొలత సున్నా చుట్టూ, ఒక్కోసారి రుణాత్మకంగా వస్తుంది. విద్యార్థులు రుణ సంఖ్యను చూసి తప్పనుకుని తీసేస్తారు, లేదా మైనస్ 99 పెడతారు. రెండూ పెద్ద నష్టమే. మైనస్ 99 అంటే అక్కడ చిత్రమే లేదని ప్రోగ్రాం అనుకుంటుంది. 'చూశాం, ఏమీ లేదు' అన్న సమాచారమే లైమన్ అంచుకు ఆధారం, దాన్నే పారేసినట్టవుతుంది. రుణ ప్రవాహాన్ని దాని దోషంతో సహా అలాగే ఉంచాలి. అలాగే ప్రకాశవంతమైన గెలాక్సీలకు దోషం ఒక శాతం అని రాసి ఉన్నా, కాలిబ్రేషన్, నమూనాల లోపాల కోసం 5 శాతం దాకా కనీస దోషం కలపండి, లేకపోతే ఏ నమూనా సరిపోక ప్రోగ్రాం విడ్డూరమైన జవాబులిస్తుంది.

వచ్చిన జవాబులో ఒక్క సంఖ్యే రాయనివ్వకండి. సంభావ్యత వక్రం గీయాలి. రెండు శిఖరాలుంటే రెండూ చెప్పాలి. ఎక్కువ రెడ్‌షిఫ్ట్ జవాబుకూ, తక్కువ రెడ్‌షిఫ్ట్‌కు బలవంతం చేసిన జవాబుకూ కై-స్క్వేర్ (నమూనాకూ కొలతలకూ ఎంత ఎడం ఉందో చెప్పే సంఖ్య) తేడా 4 కన్నా తక్కువ ఉంటే దాన్ని దూర గెలాక్సీ జాబితాలోకి రానివ్వొద్దు. తేడా 4 అంటే కూడా గట్టి హామీ కాదు. వేల వస్తువుల్లోంచి ఏరుతున్నప్పుడు అలాంటి పొరపాట్లు లెక్కకు మించి దొరుకుతాయి. వర్ణపటం ఉన్నవాటితో పోల్చేటప్పుడు తేడాను ఒకటి ప్లస్ రెడ్‌షిఫ్ట్‌తో భాగించి, మధ్యగత విచలనాన్ని 1.48తో గుణించి చూపడం ఆనవాయితీ. 0.15 దాటినవాటిని విపరీత తప్పులుగా విడిగా లెక్కించాలి. మంచి డేటాలో మొదటి సంఖ్య 0.02 నుంచి 0.05 మధ్య వస్తుంది. వర్ణపటాలున్నవి సాధారణంగా ప్రకాశవంతమైన గెలాక్సీలని, మసకవాటికి ఇదే ఖచ్చితత్వం వర్తించదని నివేదికలో రాయించండి.

చిత్రం స్థాయిలో చూడాల్సినవి మరికొన్ని. వెబ్ పదును ఫిల్టరును బట్టి మారుతుంది. ఎఫ్150డబ్ల్యూలో చుక్క వెడల్పు 0.05 ఆర్క్‌సెకన్లు, ఎఫ్444డబ్ల్యూలో 0.145. అదే చిన్న వలయంతో రెండింట్లో కొలిస్తే ఎరుపు ఫిల్టరులో వెలుగు బయటికి కారిపోయి గెలాక్సీ రంగు తప్పుగా వస్తుంది. అన్ని చిత్రాలనూ అతి మసక ఫిల్టరు పదునుకు మసకబార్చి, అప్పుడు కొలవాలి. దోషాల విషయంలో సోర్స్ ఎక్స్‌ట్రాక్టర్ ఇచ్చే అంకెను నమ్మొద్దు. చిత్రాలను కలిపేటప్పుడు పక్క పిక్సెళ్ల మధ్య సంబంధం ఏర్పడి అసలు రొద తక్కువగా కనిపిస్తుంది. గెలాక్సీలు లేని చోట వెయ్యి వలయాలు పెట్టి, వాటిలో వచ్చిన ప్రవాహాల చెదురు ఎంతో కొలిస్తే అదే నిజమైన దోషం. ఇక వెబ్ కెమెరా నిర్‌క్యామ్ చిత్రాల్లో విస్ప్‌లని పిలిచే పొగచారల లాంటి మరకలు, స్నోబాల్స్ అనే కాస్మిక్ కిరణాల గుండ్రటి మచ్చలు, ముందు చిత్రం నుంచి మిగిలిన నీడలు ఉంటాయి. ఒకే ఫిల్టరులో కనిపించే 'గెలాక్సీ'ని పది రెట్లు పెద్దది చేసి కంటితో చూడకుండా ఎవరూ జాబితాలో రాయకూడదు. చిత్రాన్ని మైనస్ ఒకటితో గుణించి మళ్లీ అదే పద్ధతిలో వెతికించండి. ఆ తిరగేసిన చిత్రంలో నిజమైన గెలాక్సీలు ఉండవు కదా, అయినా 12 దొరికాయంటే మీ అసలు జాబితాలో కూడా సుమారు అన్ని బూటకాలున్నట్టే.

గైడ్‌గా మీరు స్వయంగా చేయాల్సిన పరీక్ష ఒకటుంది, దీన్ని మాత్రం వదలకండి. చిత్రంలో మీరే నకిలీ గెలాక్సీలు నాటండి. 27 నుంచి 30 మాగ్నిట్యూడ్ దాకా అర మాగ్నిట్యూడ్ చొప్పున, ఒక్కో మెట్టుకు 100. అన్నీ ఒకేసారి నాటితే నేపథ్యమే మారిపోతుంది గనక ఒక్కో విడతకు 30, 40 మించకుండా. చోట్ల జాబితా మీ దగ్గరే ఉంచుకుని చిత్రం మాత్రం వాళ్లకివ్వండి. ఎన్ని పట్టుకున్నారు, ఎంత ప్రవాహం కొలిచారు? సగం దొరికే మాగ్నిట్యూడే ఆ చిత్రంలో వాళ్ల పరిమితి. ఆ పరిమితి దగ్గర దొరికినవి ఎప్పుడూ అసలు కన్నా కాస్త ప్రకాశంగా కొలవబడతాయి, ఎందుకంటే రొద కలిసొచ్చినవే పరిమితి దాటి కంటపడతాయి. ఈ పక్షపాతాన్ని పుస్తకంలో చదివితే రేపటికి మరిచిపోతారు, తమ సొంత గ్రాఫులో చూస్తే మరువరు.

తొమ్మిదో వారానికి అసలు ప్రశ్న ఎంచుకోండి. నా సలహా: ఫిల్టర్లు తగ్గిస్తూ పోతే రెడ్‌షిఫ్ట్ అంచనా ఎక్కడ, ఎలా కూలుతుందో కొలవడం. వర్ణపటాలున్న కొన్ని వందల గెలాక్సీలు తీసుకుని, అన్ని ఫిల్టర్లతో ఒకసారి, మధ్యస్థ ఫిల్టర్లు (ఎఫ్410ఎమ్ లాంటి సన్నపాటి పట్టీవి) తీసేసి ఒకసారి, హబుల్ నీలి ఫిల్టర్లు తీసేసి ఒకసారి ఈజీని నడిపి, తప్పిన ప్రతి గెలాక్సీకీ కారణం రాయాలి: అంచు గందరగోళమా, రేఖల నింపుడా, పక్క గెలాక్సీ కాంతా? ఇది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది గానీ నిజాయతీగా పూర్తి చేస్తే ఇతరులకూ పనికొచ్చే ఫలితం. ఇందులో జవాబు ఎటు వచ్చినా ప్రాజెక్టు విఫలం కాదు, ఆరు నెలల గడువున్న విద్యార్థికి అది చాలా ముఖ్యం.

పరిమాణాల మీద ఆసక్తి ఉంటే ఒక హెచ్చరిక. రెడ్‌షిఫ్ట్ 1 దగ్గర ఒక ఆర్క్‌సెకను అంటే సుమారు 8 కిలోపార్సెక్‌లు (ఒక్కోటి దాదాపు 3,260 కాంతి సంవత్సరాలు), 2 దగ్గర 8.4, కానీ 6 దగ్గర 5.7 మాత్రమే. దూరం పెరిగే కొద్దీ చిన్నగా కనిపించాలన్న సహజ ఊహ 1.6 దాటాక తలకిందులవుతుంది. పైగా ఉపరితల ప్రకాశం ఒకటి ప్లస్ రెడ్‌షిఫ్ట్ నాలుగో ఘాతంలో పడిపోతుంది: రెడ్‌షిఫ్ట్ 1 దగ్గర 16 రెట్లు, 4 దగ్గర 625 రెట్లు. గెలాక్సీ అంచులు రొదలో మునిగిపోయి నడిమి భాగమే మిగులుతుంది, అది చూసి పూర్వపు గెలాక్సీలు చిన్నవనేస్తారు. దగ్గరి గెలాక్సీ చిత్రాన్ని అదే లెక్కన మసకబార్చి పోల్చాకే ఆ మాట అనాలి. దూరం రాసేటప్పుడు కూడా ఏ దూరమో చెప్పాలి. రెడ్‌షిఫ్ట్ 4 గెలాక్సీ కాంతి ప్రయాణించింది సుమారు 1,200 కోట్ల ఏళ్లు, ఇప్పుడది ఉన్న దూరం దాదాపు 2,400 కోట్ల కాంతి సంవత్సరాలు.

ఇప్పుడు మనుషుల సంగతి. మొదటి నెల వారానికి రెండుసార్లు ముప్పావుగంట, తర్వాత వారానికోసారి గంట కూర్చోండి. ఎజెండా విద్యార్థులే రాసుకు రావాలి: ఏం చేశాం, ఏమనుకున్నాం, ఏమొచ్చింది, ఎక్కడ ఆగాం. ప్రోగ్రాం నడిపే ముందు జవాబు ఎంత రావచ్చో నోటుబుక్కులో ముందే రాయించండి. ఊహకూ ఫలితానికీ తేడా వచ్చిన చోటే పాఠం ఉంటుంది. కోడ్ పనిచేయకపోతే మీరు కీబోర్డు లాక్కోవద్దు, ఎంత ఆలస్యమైనా సరే. అయితే రెండు రోజులకు మించి ఒకే చోట చిక్కుకుంటే తప్పనిసరిగా అడగాలన్న నియమం పెట్టండి, మొహమాటంతో మూడు వారాలు మౌనంగా కూర్చునే పిల్లలు మన దగ్గర ఎక్కువ. మీకు తెలియని ప్రశ్న వస్తే 'నాకు తెలియదు, శుక్రవారానికి ఇద్దరం చూసుకొద్దాం' అనండి. మీరలా అనగలిగితేనే వాళ్లూ అనగలుగుతారు.

ఇద్దరున్నారు కాబట్టి ఒకరు కోడ్, ఒకరు రాత అని పంచవద్దు. అలా చేస్తే ఒకరు ఖగోళం నేర్చుకుంటారు, ఇంకొకరు టైపింగ్ నేర్చుకుంటారు. ఒకే 20 గెలాక్సీలను విడివిడిగా కొలిచి, ఆ తర్వాతే పోల్చుకోవాలి. తేడా వచ్చినవాటి మీద మీటింగులో వాదించుకోనివ్వండి, తెలుగులోనే. నివేదిక ఇంగ్లీషులో రాసినా ఆలోచన ఇంట్లో మాట్లాడే భాషలో సాగితే తప్పులు త్వరగా బయటపడతాయి. సాయంత్రం బస్సు పట్టుకుని ఊరెళ్లాల్సిన అమ్మాయి ఉంటే మీటింగు నాలుగింటికి పెట్టకండి, మధ్యాహ్నం ఖాళీ పీరియడ్‌లో పెట్టండి. ఇంట్లో నెట్ సరిగా లేకపోతే కోసిన చిత్రాలు పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి. ఇలాంటి చిన్న ఏర్పాట్లు లేకే చురుకైన పిల్లలు మధ్యలో జారిపోతారు.

పేర్ల విషయం మొదటి వారమే కాగితం మీద తేల్చండి: పని చేసినవాళ్ల పేర్లు ముందు, మీది చివర. ఫలితం బాగుంటే ఆస్ట్రనామికల్ సొసైటీ ఆఫ్ ఇండియా వార్షిక సమావేశానికి పోస్టరు పంపించండి. 1972లో ఏర్పడిన ఆ సంస్థ నమోదిత కార్యాలయం మన ఉస్మానియా ఖగోళ విభాగంలోనే ఉంది. డబ్బు కడితే వారంలో అచ్చువేస్తామనే పత్రికల జోలికి మాత్రం పోనివ్వొద్దు. పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో అలాంటి వ్యాసం మేలు కన్నా కీడే చేస్తుంది. ముందుకెళ్లాలనుకుంటే జెస్ట్ అనే పరిశోధక ప్రవేశ పరీక్ష, ఐయూకా-ఎన్‌సీఆర్‌ఏ ఉమ్మడి ప్రవేశ పరీక్ష, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ (ఐఐఏ) ప్రవేశాలు ఉన్నాయి. ఇంకా చదువులో ఉన్నవాళ్లకు ఐయూకా, ఎన్‌సీఆర్‌ఏ వేసవి కార్యక్రమాలు, ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ సమ్మర్ ఫెలోషిప్ ఉన్నాయి. అర్హతలు, గడువులు ఏటా మారుతుంటాయి కాబట్టి ఆయా సంస్థల వెబ్‌సైట్లలో అక్టోబరు నుంచే చూస్తుండమనండి. సిఫార్సు లేఖలో 'చాలా తెలివైన విద్యార్థి' అన్న వాక్యానికి విలువ లేదు. '300 గెలాక్సీల్లో తప్పిన 21కి విడివిడిగా కారణం వెతికింది, అందులో మూడు కేటలాగ్ పొరపాట్లని చూపింది' అన్నట్టు, ఆ విద్యార్థి నిజంగా చేసిన పనిని అంకెలతో రాయండి. చదివేవాళ్లు అలాంటి వాక్యం దగ్గరే ఆగుతారు. అది రాయగలగాలంటే వాళ్ల నోటుబుక్కు మీరు వారం వారం చదివి ఉండాలి.